వాపు చూసి బలుపన్నారు

సల్కా నాకు అక్క కాదు, అమ్మే అని శరణార్థి శిబిరంలో మా గుడారాల వరసంతా అనేది. నేనూ అనేదాన్ని. ఇకమీదట అనను.

అమ్మ పోయేసరికి నాకు ఊహ కూడా సరిగ్గా తెలియదు. సల్కాకి అప్పటికే ఒక పెళ్ళీ ఒక విడాకులూ అయ్యాయి. తర్వాత ఇంకో పెళ్ళి చేసుకుంది, అదీ నిలవలేదు. "నీ చెల్లెలికో కుండ, మనకో కుండ ఏమిటి, ఇదేమన్నా రెండు దేశాలా?" అని ఆ రెండో మొగుడు రోజూ సతాయించేవాడట. ఒకరోజు నా కుండ బద్దలు కొడతానని లేచాడట. సల్కా అతన్ని చెప్పులేసుకోమంది. మాలో గుడారం ఆడదానిది, పోవలసింది మగాడే. ఈ సంగతి సల్కా వచ్చినవాళ్ళందరికీ టీ పోస్తూ చెప్పేది, చెప్పిన ప్రతిసారీ నా తల నిమిరేది. నేను ఏదో బహుమతి గెలుచుకున్నదానిలా కూర్చునేదాన్ని.

వేరే కుండ ఎందుకంటే నాకు సీలియాక్ అనే జబ్బు. ఎనిమిదేళ్ళప్పుడు ఎండాకాలం గడపడానికి శిబిరం నుంచి స్పెయిన్ పంపిన పిల్లల్లో నేనూ ఉన్నాను. అక్కడ నన్ను ఉంచుకున్నవాళ్ళు నా ఉబ్బిన పొట్టనూ పుల్లల్లాంటి కాళ్ళనూ చూసి హడలిపోయి డాక్టరుకి చూపించారు. తిరిగొచ్చాక మా ఆరోగ్య కేంద్రంలో నర్సు మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. గోధుమ ముట్టకూడదు, యవలు, అదే బార్లీ, ముట్టకూడదు, చిటికెడు కూడా. తింటే పేగు లోపల గీరుకుపోతుంది, ఆ తర్వాత ఏం తిన్నా ఒంటికి పట్టదు. సల్కా వేళ్ళు ముడుస్తూ పాఠంలా అప్పజెప్పింది. యవల దగ్గర మాత్రం ఆగింది. యవలు రేషన్ లారీలో వచ్చినవి కావు కదా, వాన పడినచోటల్లా మన తాతలు చల్లుకున్న గింజలు కదా, వాటితో జబ్బేమిటి అని అడిగింది. యవలు కూడా అని నర్సు గట్టిగా చెప్పింది. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. అందుకే ఇప్పుడు ఎవరొచ్చి, పాపం తెలియక చేసిందే అని సర్దిచెప్పబోయినా నాకు ఒళ్ళు మండుతుంది.

మాకు లారీ వచ్చిందంటే గోధుమపిండి వచ్చినట్టే. రొట్టె, కుస్కుస్ రవ్వ, సేమియా అన్నీ ఆ పిండే. అందరూ ఒక పళ్ళెం చుట్టూ కూర్చుని చేతులు పెట్టి తింటారు, నేను పక్కన నా గిన్నెతో కూర్చుంటాను. పెళ్ళిళ్ళకి వెళితే నా అన్నం మూట నా చంకలోనే ఉండేది. "వచ్చిందమ్మా రాణిగారు, సొంత వంటతో" అని నవ్వేవాళ్ళు. పక్క గుడారం ముసలమ్మ ఒకసారి, దేవుడి పేరు చెప్పి పెడితే ఏమీ కాదంటూ నా నోట్లో రొట్టెముక్క పెట్టబోయింది. సల్కా ఆ ముక్క లాక్కుని మేకల దొడ్లో విసిరేసి, ఆ ముసలమ్మతో రంజాను వరకూ మాట్లాడలేదు. నేను సల్కా చేతిమీదే పెద్దదాన్నయ్యాను. ఆమె పెట్టింది ఏమిటని ఏనాడూ అడగలేదు. పెట్టింది సల్కా అయితే చాలు.

సిదాతి సంబంధం వచ్చింది నిరుటి చలికాలంలో. అతను నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. వాళ్ళది దఖ్లా శిబిరం, మా ఔసెర్ద్ శిబిరం నుంచి లారీలో దాదాపు పగలంతా ప్రయాణం. మా వరసలో నీళ్ళు నింపడానికి వచ్చి, మా ట్యాంకు నిండడానికి పట్టాల్సినదానికన్నా ఎక్కువసేపు నిలబడేవాడు. "మా ట్యాంకుకి అడుగు లేదేమో" అని నేను లోపలినుంచి అంటే నవ్వేవాడు. నవ్వితే చెవులు కదిలేవి. నాకు నచ్చాడు, దాచడమెందుకు.

అతను పెద్దవాళ్ళతో అడిగించగానే నేను సల్కాకి ఒకటే చెప్పాను. నా జబ్బు సంగతి వాళ్ళమ్మకి ముందే చెప్పాలి. ఒప్పుకుంటేనే నేను ఒప్పుకుంటాను. దాచి చేసుకున్నవాళ్ళను చూశాను నేను. అత్తవారింట్లో అందరితోపాటు పళ్ళెంలో చెయ్యి పెట్టి, తర్వాత మేకల దొడ్డి వెనక్కి పోయి కక్కుకునేవాళ్ళను చూశాను. అలా బతకడం నా వల్ల కాదు. నాకు కావలసింది నా కుండ చూసి ఎవరూ మొహం చిట్లించని ఇల్లు, అంతే. నేనే సిదాతికి చెప్పేదాన్నేమో, కానీ ఒంటి సంగతులు పెళ్ళికి ముందు మగవాడితో మాట్లాడడం మాలో సిగ్గుమాలిన పని. అవి ఆడవాళ్ళు ఆడవాళ్ళకి చెప్పుకోవాలి. సల్కా దఖ్లా వెళ్ళింది. తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులిప్పుతూనే, "చెప్పానే. సరే, దాందేముంది అన్నారు" అంది. నేను ఆమె మెడ పట్టుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు ముందెప్పుడూ లేదు.

పెళ్ళికి ముందు పెళ్ళికూతుర్ని ఒళ్ళు చేయించడం మా పద్ధతి. ఎముకలు కనిపించే పిల్లని ఇస్తే, ఆ పుట్టింటివాళ్ళు కూడు పెట్టలేదా అంటారు. ఈ కాలం పిల్లలు మందుల బిళ్ళలు మింగి ఉబ్బుతున్నారు. సల్కా బిళ్ళల పేరెత్తితే ఊరుకోలేదు. పాలతోనే చేస్తానంది. నన్ను గుడారం పక్క మట్టిగదిలో పరుపులమీద కూర్చోబెట్టి, ఎండ తగలనివ్వకుండా, కాలు కదపనివ్వకుండా, పొద్దునా సాయంత్రమూ పెద్ద కొయ్య గిన్నెడు పాలు. పుల్లటి మేకపాలు, పంచదార, అందులో వేయించిన సత్తుపిండి. "సజ్జ సత్తు" అంది సల్కా. సజ్జలు నాకు పడతాయి. గిన్నె ఎత్తి గటగటా తాగేదాన్ని.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత కడుపు మొదలైంది. ఉబ్బరం, నొప్పి, తెల్లవారకముందే బయటికి పరుగు. నోట్లో పుళ్ళు లేచి టీ కూడా మండేది. జుట్టు దువ్వెనకి చుట్టుకొచ్చేసేది. ఇవన్నీ నాకు కొత్తవి కావు, చిన్నప్పటి పాత చుట్టాలే. ఎక్కడో గోధుమ కలుస్తోందని సల్కాతో అన్నాను. అయ్యో, ఎలా కలుస్తుందే అంది. ఇద్దరం కలిసి వెతికాం. కుండ అనుమానించాం, గుడ్డ అనుమానించాం, సజ్జలు దంచిన రోలు అనుమానించాం. సల్కా నా కళ్ళముందే ఇసకతో ఆ కుండని తళతళలాడేలా తోమింది. చేతులు ఎర్రగా అయ్యాయి. తోమి, కడిగి, అదే కుండలో పాలు కలిపి తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆ తోమడం గుర్తొచ్చినప్పుడు మాత్రం నాకు ఏడుపు కాదు, వణుకు వస్తుంది.

చిత్రమేమిటంటే నేను ఒళ్ళు చేశాను. మొహం నిండింది, చీలమండలు గుండ్రంగా అయ్యాయి, చేతి గాజులు బిగుసుకున్నాయి. చూడవచ్చిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కి, సల్కా చెయ్యి మంచిదమ్మా, ఎండుపుల్లని వెన్నముద్ద చేసింది అని మెచ్చుకున్నారు. సల్కా సిగ్గుపడుతూ నవ్వింది. నాకు లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. పెళ్ళికూతురికి గుబులు ఉంటుందిలే అంది సల్కా. నిజమేననుకున్నాను. సిదాతిని తలుచుకుంటే గుబులుగానే ఉండేది మరి.

ఎంబారెకా చెప్పాపెట్టకుండా వచ్చింది ఒక సాయంత్రం. సిదాతి వాళ్ళమ్మ. కొడుకు ట్యాంకరు మావైపు వస్తుంటే ఎక్కి వచ్చేసిందట. అతను మర్యాదకి దూరంగానే బండి ఆపుకుని ఉండిపోయాడు. సల్కా గుడారంలో లేదు, టీకి పంచదార నిండుకుంటే పక్క గుడారానికి వెళ్ళింది. నేను మెల్‌ఫా చెంగు మొహంమీదికి లాక్కుని లేవబోతే ఎంబారెకా భుజం పట్టి కూర్చోబెట్టింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. తెచ్చిన మూట విప్పింది. వేడి ఇసకలో కాల్చిన రొట్టె, గోధుమరొట్టె. దాని వాసన మా గదంతా నిండింది.

ఈ రొట్టె నాకెందుకు తెచ్చింది అని ఒక్క క్షణం మనసులో ముల్లు గుచ్చుకుంది. సల్కాకి తెచ్చి ఉంటుందిలే అని సర్దుకున్నాను. గుడారానికొచ్చిన మనిషికి ముందు పాలివ్వాలి, ఆ తర్వాతే కుశలమైనా. వేరే పాలు కలిపిలేవు. నా కొయ్య గిన్నెలో సగం మిగిలి ఉన్నాయి, గుడ్డ తీసి రెండు చేతులతో అందించాను. ఆమె ఒక పెద్ద గుక్క తాగింది. నాలుక అంగిటికి తాకించి బాగుందన్నట్టు తలూపింది.

"యవలు బాగా వేగాయి. మీ అక్క చేయి తిరిగిన మనిషే" అంది.

"యవలు కాదత్తా, సజ్జలు."

"నలభై ఏళ్ళనుంచి యవలు వేయిస్తున్నాను, నాకు తెలియదా బిడ్డా? ఇవి యవలు. ఉత్త యవలు."

ఆమె నవ్వుతూనే అంది. అప్పుడు కూడా సల్కామీదికి పోలేదు మనసు, అంగట్లోవాళ్ళు మోసం చేసి ఉంటారనుకుంది. మనిషి ఎంత గుడ్డిదవుతుందో చూడండి.

"నాకు యవలు పడవత్తా. గోధుమలూ పడవు. అక్క మీకు చెప్పింది కదా" అన్నాను.

ఎంబారెకా గిన్నె కింద పెట్టింది. ఏం చెప్పింది అని అడిగింది. నేను చెప్పాను, స్పెయిన్ నుంచి మొదలుపెట్టి కుండ దాకా. నేను ఆపాక ఆమె నా చీలమండ చేతిలోకి తీసుకుని బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలింది. నొక్కినచోట గుంట పడింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది ఒళ్ళు కాదు, నీరు. వాపు చూసి బలుపనుకున్నారు మీ వాళ్ళంతా" అంది. "మా నస్రా కాళ్ళు ఇట్లాగే ఉండేవి."

నస్రా సిదాతి చెల్లెలు. ఆ పిల్లకీ ఈ జబ్బే ఉందట. అంతకుముందు ఒక పిల్లవాణ్ణి ఏ జబ్బో తెలియకుండానే పోగొట్టుకున్నారట. నస్రాకి తెలిశాక ఇంట్లో వేరే పొయ్యి పెట్టి, దాన్ని కళ్ళలో వత్తులు వేసుకుని కాపాడుకొస్తోందట. సిదాతి నాతో ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఎలా అంటాడు, నేను అనలేదు కదా, సిగ్గు ఇద్దరికీ ఒకటే.

"మీ అక్క వచ్చినప్పుడు అడిగాను" అంది ఎంబారెకా. "మీ పిల్లకి ఈ జబ్బుందా, ఉంటే ఉందని చెప్పు, రెండో కుండ కొనుక్కుంటాను అన్నాను. లేదంది. నేను మళ్ళీ అడిగితే మా ఇంట్లో, మా ఖురాన్ మీద చెయ్యేసి లేదంది."

ఆ ఇల్లు, నేను కలలు కన్న ఇల్లు, నిజంగానే ఉంది. నా కుండకి చోటు కూడా ఉంది. ఉంటే ఉందని చెప్పమన్న మనిషికి సల్కా లేదని ఒట్టేసి వచ్చింది. వచ్చి, సరేనన్నారు అని నాతో చెప్పింది. నేను ఆ అబద్ధం మెడ పట్టుకుని ఏడ్చానన్నమాట.

అప్పుడే సల్కా పంచదార పట్టుకుని లోపలికొచ్చింది. ఎంబారెకాను చూసి మొహం వికసించింది, గిన్నె చూసి వాడిపోయింది. చిన్నప్పటినుంచీ ఆ మొహమే చూసి పెరిగాను, అందులో ఏ గీత ఎందుకు కదులుతుందో నాకు తెలుసు. అంగటివాడి మోసం కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఎంబారెకా గొంతు పెంచలేదు. ఒట్టు సంగతి అడగలేదు, అది తేలిపోయినదే కాబట్టి. ఒక్కటే అడిగింది. "ఈ పిల్ల నాతో రొట్టె తిననంటోంది. రోజూ గిన్నెడు యవలు తాగుతోంది. తెలిసి తాగుతోందా, తెలియకా? ఇద్దరూ కలిసి ఆడిన ఆటేనా ఇది?"

సల్కా పంచదార కింద పెట్టింది.

"చెప్పక్కా" అన్నాను. "నాకు తెలియదని చెప్పు."

సల్కా కూర్చుని, టీ కెటిల్‌లో నీళ్ళు పోసింది. పంచదార గడ్డ పగలగొట్టింది. ఒక్క మాట చాలు. దానికి తెలియదు అంటే చాలు. నా అక్క ఆ ఒక్క మాట అనకుండా బొగ్గులు ఊదుతూ కూర్చుంది. ఎంబారెకా చాలాసేపు ఆగింది, నిజం చెప్పాలంటే మర్యాదకి మించి ఆగింది. నేను నాకు తెలియదని ఎన్నిసార్లో చెప్పాను. ఆమె నావైపు జాలిగా చూసింది, నమ్మినట్టు మాత్రం చూడలేదు. "నీ గొంతులోంచి దిగింది బిడ్డా, నీకు తెలియదంటే నేనెలా నమ్మేది? జబ్బుతో ఎలా వేగాలో నాకు తెలుసు. దాచేవాళ్ళతో వేగడం తెలియదు" అని రొట్టె మళ్ళీ మూటకట్టుకుని లేచింది. మొదటి గ్లాసు టీ కూడా తాగలేదు. మా గుడారంలోంచి టీ తాగకుండా ఎవరూ వెళ్ళిందిలేదు అంతవరకూ.

ఆమె వెళ్ళాక నేను అరిచాను. ఎందుకు అరిచానో తెలియకపోయినా, ఎలా అరిచానో వరసలోవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సల్కా గుమ్మం తెర దించి, నెమ్మదిగా, ఎవరితోనో బేరం ఆడుతున్నట్టు మాట్లాడింది. ఎంబారెకా అడిగిన తీరు చూసి భయపడ్డానంది. రెండో కుండ కొంటామని అందరూ అంటారు, తర్వాత కబురు పంపి వద్దంటారు, అలా ఎన్ని సంబంధాలు పోవడం చూడలేదు అంది. ఒకసారి లేదని ఒట్టేశాక నిన్ను ఎండుపుల్లలా పంపడానికి లేదు, ఆ ఇంట్లో ఈ జబ్బు ఎరిగినవాళ్ళు, సన్నటి పిల్లను చూస్తే పసిగట్టేస్తారు అంది. ఉత్త పాలతో నా ఒళ్ళు రాలేదట. ఒకరోజు కాస్త యవల సత్తు వేసి చూసిందట. నాలుగు రోజుల్లో మొహం నిండిందట.

"తెల్లవారకముందే నేను బయటికి పరిగెత్తడం నువ్వు చూడలేదా?" అన్నాను.

"చూశాను. పెళ్ళి వరకే కదా అనుకున్నాను. తర్వాత మానేద్దువుగాని అనుకున్నాను."

"నర్సు చెప్పింది నీకు గుర్తులేదా?"

సల్కా నా కళ్ళలోకి చూడలేదు. "గుర్తుంది" అంది.

అబద్ధమాడినా బాగుండేది. గుర్తులేదు, మరిచిపోయాను, యవలు మన గింజలే కదా అనుకున్నాను అని ఏదో ఒకటి అని ఉంటే, దాన్ని పట్టుకుని నేను బతికేదాన్ని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట. ఇన్నేళ్ళు నానబోసుకున్న నమ్మకం నాది.

మర్నాడు సిదాతి ఫోన్ చేశాడు. పెళ్ళికి ముందు అలా ఫోన్ చేయడమే తప్పు, అయినా చేశాడు. నీకు తెలుసా, తెలియదా అని అడిగాడు. తెలియదన్నాను. నేను నమ్ముతున్నాను, అమ్మ నమ్మడంలేదు, నీ మాట అమ్మకి చాలదు, మీ అక్క వచ్చి అమ్మతో ఆ ఒక్క మాట చెబితే చాలు, ఒట్టు సంగతి అమ్మ మళ్ళీ ఎత్తదు అన్నాడు. ఎన్ని రోజులైనా ఆగుతానన్నాడు. నస్రా కూడా నిన్ను అడుగుతోంది, తనలాంటి వదిన వస్తోందని సంబరపడుతోంది అన్నాడు. ఆ మాటకి నేను ఫోన్ పెట్టేశాను, ఏడుపు అతనికి వినిపించకూడదని.

సల్కా దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. జరిగినదంతా దిగమింగుకున్నాను. బతిమాలాను. దఖ్లా వెళ్దాం, నువ్వేమీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, దానికి తెలియదు అని ఒక్క మాట చెప్పు, నేను నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. పట్టుకున్నాను కూడా. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నా నోటితో నేనే, ఖురాన్ మీద అబద్ధం ఆడానని పరాయి గుడారంలో చెప్పుకోమంటావా?" అంది. "ఆ తర్వాత నా గుడారంలో ఎవరు టీ తాగుతారు? నా మాట ఎవరు వింటారు? నీకేం, వయసులో ఉన్నావు. ఇంకొకడు వస్తాడు."

రెండో మొగుణ్ణి చెప్పులేసుకోమన్నది ఈ సల్కాయే. నా కోసం ముసలమ్మతో పోట్లాడిందీ ఈ సల్కాయే. ఆ పోట్లాటలన్నిటికీ వరసంతా ఆమెను మెచ్చుకునేది. ఈ ఒక్క పనికి మెచ్చుకోరు, ఛీ అంటారు. అక్కడే ఆగిపోయింది ఆమె ప్రేమ. నన్ను పెంచినందుకు ఆమెకి దక్కిన పేరు నాకన్నా ఆమెకి ముద్దని నాకు ఆరోజు తెలిసింది. తెలిసి ఏం చేసుకోను.

సిదాతి చాలా రోజులు ఆగాడు. తర్వాత మా వరసకి నీళ్ళు తేవడం మానేశాడు, వేరే డ్రైవరు వస్తున్నాడు. ఎంబారెకా దగ్గరనుంచి ఏ కబురూ లేదు. కాళ్ళవాపు తీసింది. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. మళ్ళీ ఎండుపుల్లనయ్యాను, సల్కా కష్టమంతా ఇసకలో పోసిన నీళ్ళు అంటున్నారు ఆడవాళ్ళు, సల్కామీద జాలిపడుతున్నారు. జరిగింది వాళ్ళకి తెలియదు. నేనూ చెప్పలేదు. చెబితే నమ్మేవాళ్ళెవరు, అందరికీ నేను తల్లిలాంటి అక్క ఉన్న అదృష్టవంతురాలిని.

యవల సత్తు బయటపడ్డ రోజునుంచీ నేను ఆమె చేతిది ముట్టలేదు. ఖర్జూరాలు, టీ, పక్కవాళ్ళ మేకల దగ్గర నేనే పితుక్కున్న పాలు, వాటితో నెట్టుకొచ్చాను. నిన్న సాయంత్రం సల్కా నా కుండలో అన్నం వండింది. పైన పప్పు పోసి, ఒంటెమాంసం రెండు ముక్కలు వేసి, నా గిన్నెలో పెట్టి, నా ముందుకి జరిపింది. నాకు ఆకలిగా ఉంది. పొగలు కక్కుతున్న అన్నం.

"ఉత్త అన్నమే. ఏమీ లేదు అందులో. ఒట్టు" అంది. ఒట్టు అన్నాక ఆ మాట విని తనే ఆగిపోయింది. మళ్ళీ అంది, "కావాలంటే నేను ముందు తిని చూపిస్తాను."

చెయ్యి గిన్నెలో పెట్టి ఒక ముద్ద తీసుకుంది.

"విషమైతే నువ్వు తిన్నాక నేనూ తిందును అక్కా" అన్నాను. "ఇది నీకేమీ చేయదు. నువ్వు తిన్నా, మేక తిన్నా, ఊరంతా తిన్నా తెలిసేది ఏమీ లేదు. నా కడుపు ఒక్కదానికే తెలుస్తుంది, అదీ తిన్నాకే. ఇన్నాళ్ళూ నీ మాటమీదే తిన్నాను నేను. ఇప్పుడు దేనిమీద తినేది?"

ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది.

నేను లేచి, అంగట్లో నేనే కొనుక్కున్న కొత్త గిన్నె తీసుకుని, కొత్త సంచి విప్పి, బియ్యం పోసుకుని బయట పొయ్యి వెలిగించాను. నాకు వంట రాదు. ఇన్నేళ్ళలో సల్కా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నీళ్ళు తక్కువయ్యాయి, మంట ఎక్కువైంది, అడుగంటుతుంటే భయపడి దింపేశాను. లోపల సల్కా ఏడుస్తోంది, బయటికి వినిపిస్తోంది. అడుగు మాడి, పైన పలుకుగా ఉన్న ఆ అన్నాన్ని ఆరబెట్టుకుని మొత్తం తిన్నాను.